కొండ పెళ్ళికి ఒక్క రీలు

మైదానంలో పెళ్ళికి వెళ్తే ఈ రోజుల్లో ముందుగా కనిపించేవి వీపులు. జీలకర్ర బెల్లం వేళకి పీటల చుట్టూ నలుగురు ఫోటోగ్రాఫర్లు, ఇద్దరు వీడియోవాళ్ళు, లైటు పట్టుకున్న కుర్రాడొకడు, నెత్తిమీద డ్రోను. అక్షింతలు పట్టుకుని లేచిన పిన్నులూ పెద్దమ్మలూ ఎటు వెయ్యాలో తెలియక పక్కనున్న ఎల్ఈడీ తెర చూసి అంచనా మీద విసురుతారు. సగం కెమెరాల మీద పడతాయి. "పంతులుగారూ, ఇంకొక్కసారి" అని కేక వినిపిస్తే పంతులుగారు కూడా విసుక్కోవడం మానేశారు. సూత్రం వెనక్కి తీసుకుని మళ్ళీ అందిస్తారు. నిమిషాలతో సహా ముహూర్తం పెట్టించుకుని, దాన్ని కెమెరా కోసం రెండుసార్లు జరిపించుకుంటున్నాం. రాత్రికి లెక్క చూస్తే మూడు నాలుగు వేల ఫోటోలు.

నేను అరకు, పాడేరు వైపు కొండల్లో పెళ్ళిళ్ళకి రీలు కెమెరా పట్టుకెళ్తాను. వృత్తి కాదు, పిచ్చి. తెలిసినవాళ్ళు పిలిస్తేనే వెళ్తాను. కెమెరా పాత పెంటాక్స్ కె1000. దాన్ని చూడగానే ఎవరైనా అడిగే మొదటి మాట "ఇంకా రీళ్ళు దొరుకుతున్నాయా?" అని. దొరుకుతున్నాయి. కలర్ రీలు వెయ్యి దాటింది. కడిగి స్కాన్ చేసినందుకు ల్యాబువాళ్ళకి వేరే, కొరియరుకి వేరే. అన్నీ కలుపుకుంటే ఒక్కో బొమ్మ నలభై యాభై రూపాయలు పడుతుంది. రెండో ప్రశ్న దాని వెంటే వస్తుంది: "మరెందుకండీ?"

నగరాల్లో దీనికి సిద్ధంగా ఒక జవాబుంది. డిజిటల్ బృందంతో పాటు రెండు మూడు రీళ్ళు కూడా తీయించుకోవడం ఇప్పుడు డబ్బున్న పెళ్ళిళ్ళలో ఒక ముచ్చట. అమ్మానాన్నల ఆల్బంలాంటి రంగు, ఆ గరుకుదనం, ఆ వెచ్చదనం అంటారు. అవన్నీ ఫోన్లో వేలితో నొక్కితే వచ్చేస్తున్నాయి. వాటికోసమే అయితే యాభై రూపాయలు దండగ. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. రీల్లో ఉండేవి 36. కాబట్టి ఏది తియ్యాలి, ఎవరిని తియ్యాలి అన్నది పెళ్ళిలోనే, పెళ్ళివాళ్ళ ఎదుటే తేలిపోవాలి. డిజిటల్లో ఆ పని వాయిదా పడుతుంది. ముందు నాలుగు వేలు తీసేస్తారు, తర్వాత ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని ఒక ఎడిటర్ కుర్రాడు ఏరతాడు. మేనత్త ఎవరో వాడికి తెలియదు. భోజనాల దగ్గర ఓ పక్కన నిలబడ్డ ముసలాయన పెళ్ళికూతుర్ని ఎత్తుకుని పెంచినవాడని తెలియదు. కళ్ళు మూసుకున్న మొహాలు తీసేస్తాడు, పళ్ళు బాగా కనిపించినవి ఉంచుతాడు.

కొండమీద ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. మైదానం పెళ్ళి ఫోటోగ్రాఫరుకి జాబితా నోటికొచ్చు. స్నాతకం, కాశీయాత్ర, గౌరీపూజ, జీలకర్ర బెల్లం, మాంగల్యం, తలంబ్రాలు, అరుంధతి, అప్పగింతలు. నిద్రలో లేపి అడిగినా వరస తప్పడు. ఏజెన్సీ పల్లెలో ఆ జాబితా జేబులోంచి తియ్యడానికి లేదు. బగతలు, కొండదొరలు, కోటియలు, పోర్జలు, గదబలు, ఖోండులు, వాల్మీకులు, ఎవరి పద్ధతి వారిది. ఊరికీ ఊరికీ కూడా మారుతుంది. పిల్ల వైపువాళ్ళకిచ్చే ఓలి మాట్లాడుకుని చేసే పెళ్ళిళ్ళున్నాయి. పిల్లా పిల్లాడూ ఇష్టపడి వెళ్ళిపోతే, తర్వాత రెండు ఊళ్ళ పెద్దలూ కూర్చుని తేల్చేవున్నాయి. ఓలి ఇచ్చుకోలేని పిల్లాడు అత్తవారింట కొన్నేళ్ళు కష్టం చేసి చేసుకునేవున్నాయి. ముందు కాపురం మొదలుపెట్టి, కాఫీ డబ్బో మిరియాల డబ్బో చేతికొచ్చాక ఊరందరికీ విందు పెట్టేవీ ఉన్నాయి. ఆ విందునాటికి పెళ్ళికూతురి చంకలో బిడ్డ ఉన్నా ఎవరూ వింతగా చూడరు. ఈ మధ్య సూత్రం, తలంబ్రాలు కింద నుంచి ఎక్కొచ్చాయి, క్రైస్తవ కుటుంబాల్లో చర్చి, ఉంగరాలు వచ్చాయి. ఇన్నిటి మధ్య ఫోటో తియ్యాల్సిన ఆ ఒక్క ఘడియ ఏదో బయటినుంచి వచ్చినవాడికి ఎలా తెలుస్తుంది? అడగాలి.

జేబులో నాలుగు వేలున్నవాడు అడగడు. అన్నీ తీసేస్తాడు, ముఖ్యమైనది అందులో ఎక్కడో పడి ఉంటుందిలే అనుకుంటాడు. ముప్పై ఆరున్నవాడు మాత్రం మంచిరోజు చూసే దిసారి దగ్గరికో, ఊరి నాయుడి దగ్గరికో, ఊరంతా కబురు తిప్పే బారిక దగ్గరికో వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడాలి. హుకుంపేట మండలంలో ఒక ఊళ్ళో ఇలాగే ఒక దిసారిని అడిగాను. పెద్దాయన చుట్ట ఆర్పి, చెవి వెనక పెట్టుకుని, చాలాసేపు ఆలోచించాడు. సూత్రం కట్టే వేళ అంటాడనుకుంటూ నేను కెమెరా సవరించుకుంటున్నాను.

"ఆలు కల్లు తాగినప్పుడు తియ్యి బావూ" అన్నాడు. "తాగేరంటే ఒప్పుకున్నట్టే. ఇంక తరవాతేటుంది, ఆటే కదా."

అలాగే చేశాను. జీలుగు కల్లు సొరబుర్రలోంచి అడ్డాకు దొప్పలోకి వంచారు. ఆడపిల్ల తరఫు పెద్దాయన దొప్ప రెండు చేతులతో అందుకుని వెంటనే తాగలేదు. అటూ ఇటూ చూశాడు. ఆ ముసలాయన చేసింది నటనో, నిజంగానే ఏదో మనసులో మెదిలిందో చెప్పలేను. చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం మాటలు ఆపేశారు. పెళ్ళికొడుకు అన్న నోరు తెరిచి దొప్పవైపే చూస్తున్నాడు. వెనక ఒక మామ్మ మూడు ముక్కుపుడకల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. ఒక్కటే తీశాను. దొప్ప పెదవికి తగలడం ఆ బొమ్మలో లేదు, దానికి ముందు నిమిషం ఉంది. జాబితా పట్టుకుని వెళ్ళి ఉంటే ఆ వేళకి నేను పెళ్ళికూతురి గోరింటాకు దగ్గర ఉండేవాణ్ణి.

రీలు కెమెరాకి వెనక తెర లేకపోవడం ఇంకో సౌకర్యం. పిల్లలు ఫోటో తియ్యగానే పరుగెత్తుకొచ్చి కెమెరా వెనక్కి తిప్పి చూస్తారు. నల్లటి తలుపొకటి ఉంటుంది. "పాడైపోనాదేటి?" అని జాలిగా అడుగుతారు. కాదురా, లోపల ఉంది, నెల్లాళ్ళకి వస్తుంది అంటే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని మళ్ళీ ఆటలోకి పోతారు. అదే డిజిటల్ అయితే ఒక్కో ఫోటోకి పది తలలు తెరమీద మూగుతాయి. "నేను బాలేను, మళ్ళీ తియ్యి" అన్న మాట మొదలవుతుంది. తెర లేని కెమెరా పెళ్ళిని ఒకసారి ఆపి వదిలేస్తుంది.

లోపల ఉంది అన్నది ఊరడింపు మాట కాదు. ఫిల్ము మీద జెలటిన్ పొరలో వెండి లవణాల పలుకులుంటాయి. వెలుగు తగిలిన పలుకులో నాలుగైదు వెండి పరమాణువులు ఒకచోట చేరితే చాలు, అక్కడ బొమ్మ పడిపోయినట్టే. అయితే అది ఎవరికీ కనిపించదు. డెవలపర్లో వేసినప్పుడు ఆ నాలుగైదే ఆసరాగా పలుకంతా వెండి అవుతుంది. కలర్ రీలుకి నీళ్ళ వేడి 38 డిగ్రీల దగ్గర నిలపాలి, 3 నిమిషాల 15 సెకన్లు. రీలు కెమెరాలో ఉన్నన్నాళ్ళూ పెళ్ళి అలా కనిపించకుండా చీకట్లో ఉంటుంది. కొరియరు పోయినా, ఎవరైనా తలుపు తెరిచినా అంతే సంగతులు. ఈ భయం నాకు నచ్చుతుందని చెప్పను. భయమే.

మంచు వేరే పాఠం చెబుతుంది. లంబసింగి, పాడేరు చుట్టూ చలికాలపు పొద్దుటిపూట తెల్లటి మంచులో నిలబడి కెమెరాలోని వెలుగు మీటరు చెప్పినట్టు తీస్తే అంతా బూడిదరంగుకి దిగిపోతుంది; తెలుపుని చూసి మీటరు వెలుగు ఎక్కువైందనుకుంటుంది. దాని మాట కాదని ఒకటిన్నర స్టాపు ఎక్కువ ఇవ్వాలి. బయట చలిలోంచి పొయ్యి మండుతున్న ఇంట్లోకి అడుగుపెడితే లెన్సు మీద ఆవిరి కమ్ముకుంటుంది. తుడవకూడదు, ఆగాలి. ఆ ఆగిన కాసేపట్లో ఇంటావిడ చోడి అంబలి చేతిలో పెడుతుంది. బ్యాటరీ బెంగ మాత్రం లేదు. కె1000లో చిన్న బిళ్ళ మీటరుకే కావాలి, అది చచ్చిపోయినా షట్టరు పడుతుంది.

పొద్దు వాలాక దింసా ఆట. తుడుం, డప్పు, కిరిడి ముందు ఎత్తుకుంటాయి, మోరి వచ్చి కలుస్తుంది. ఆడవాళ్ళు ఒకరి వెనకనుంచి ఒకరు చేతులు పెనవేసుకుని వరస కడతారు. 400 రీలు మీద, ఆ వెలుగులో, పదిహేనో వంతు సెకను ఇస్తే ఒక విచిత్రం జరుగుతుంది. పెనవేసుకున్న చేతులు, భుజాలు స్పష్టంగా నిలుస్తాయి, మోకాళ్ళ కింద అంతా చెరిగిపోతుంది. వరస ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ కదులుతోందో ఆ బొమ్మే విడదీసి చెబుతుంది. ఫ్లాష్ కొడితే పాదాలు గాల్లో ఆగిపోయి అందరూ కాలు బెణికినట్టు కనిపిస్తారు. దింసాకి ఫ్లాష్ వాడేవాళ్ళని నేను క్షమించలేను.

ఈ కొండల మనుషులకి కెమెరా కొత్తేమీ కాదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్, ఆయన సహాయకుడు కె. రంగాచారి కలిసి తెచ్చిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాలు ఏడు 1909లో అచ్చయ్యాయి. విశాఖ ఏజెన్సీ గదబలు, పోర్జలు, ఖోండులు అందులో ఉన్నారు. థర్‌స్టన్ మనుషుల ముక్కులూ తలలూ కొలిచే పనిముట్లు వెంట ఉంచుకునేవాడు. ఆ పుస్తకాల్లో ఫోటోల కింద తెగ పేరుంటుంది, మనిషి పేరుండదు. తర్వాతి తరంలో వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ నయం. జనంతో కలిసి బతికాడు, గోదావరి కొండల రెడ్ల మీద 1945లో పుస్తకం రాశాడు. అయినా ఆయన తీసిన ఫోటోలు చేరింది లండన్లో సోయాస్ విశ్వవిద్యాలయానికే. ఎవరిని తియ్యాలి, ఏది ఉంచాలి, ఎక్కడ ఉంచాలి అన్న మూడూ ఎవరో దూరంనుంచి వచ్చినవాళ్ళే తేల్చారు.

కొండవాళ్ళు మాకు కావాలి అని అడిగి, డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటోలు ఎక్కువగా పెళ్ళి ఫోటోలే అయి ఉంటాయని నా నమ్మకం. రేషను కార్డు ఫోటోలు వేరే లెక్క, అవి సర్కారు అడిగితే తీయించుకున్నవి. ఏజెన్సీలో ఒక సంత ఊళ్ళో స్టూడియో నడిపిన పెద్దాయన ఒకరు నాకు పరిచయం. ఎనభైల్లో, తొంభైల్లో ఆయన చేతిలో యాషికా ఉండేది, 120 రీలు, పన్నెండు బొమ్మలు. పెళ్ళయిన జంటలు సంతరోజు దిగి వచ్చేవారట. బ్లాక్ అండ్ వైట్ అయితే తనే కడిగేవాడు. ఊటీలో ప్రభుత్వం నడిపిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళ 'ఇందు' రీళ్ళు చవగ్గా దొరికేవి. ఆ ఫ్యాక్టరీ 1967లో ఉత్పత్తి మొదలుపెట్టి, మన కళ్ళముందే మూతపడింది. కలర్ అయితే విశాఖ పంపాల్సిందే. బైలదిల్లా ఇనుప ఖనిజం రేవుకి దింపడానికి అరవైల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను మీద ప్యాసింజరులో, తెలిసినవాళ్ళ చేతికిచ్చి రీలు పంపేవాడు. 58 సొరంగాల లైనది. పెళ్ళి బొమ్మలు ఆ చీకట్లు దాటి దిగేవి, ప్రింట్లయి మళ్ళీ దాటి ఎక్కేవి.

ఆయన స్టూడియోలో వెనక పరదా మీద మేడ ఉండేది. మెట్లు, పూలకుండీలు, రెండంతస్తుల డాబా. కిటికీ తీస్తే గాలికొండ గాలి మొహాన కొట్టే చోట జంటలు ఏరికోరి ఆ మేడ ముందు నిలబడేవారు. ఇప్పుడు మైదానం జంటలు ప్రీవెడ్డింగ్ షూటింగుకి తెల్లారకుండా కారులో ఘాటెక్కి వస్తున్నారు. వలిసె పూలు పసుపు రంగులో విరగబూసిన చేలలో నిలబడతారు. ఫోటోకి ఇంతని కొందరు రైతులు వసూలు చేస్తారు, చెయ్యాల్సిందే, తొక్కిన మొక్కలకి ఎవరివ్వాలి? కొందరమ్మాయిలు గిరిజన చీరకట్టు అద్దెకి కట్టించుకుని మరీ తీయించుకుంటారు. పైకెక్కినవాళ్ళకి కొండ పరదా, కొండమీదివాళ్ళకి మేడ పరదా. ఇందులో ఒకరిని మెచ్చుకుని ఒకరిని వెక్కిరించే హక్కు నాకు కనపడదు. కాకపోతే నగరం నుంచి వచ్చి "మీ సంప్రదాయ దుస్తుల్లోనే నిలబడండి, ఆ ప్యాంటు తీసెయ్యండి" అని పెళ్ళికొడుకుని బతిమాలే ఫోటోగ్రాఫర్లని చూసినప్పుడు మాత్రం థర్‌స్టన్ గుర్తొస్తాడు. పెళ్ళికొడుక్కి ఆ ప్యాంటు కొనడానికి ఎంత పసుపు అమ్మాల్సొచ్చిందో అడిగినవాడు లేడు.

ఫిల్ము నిజం చెబుతుంది, డిజిటల్ అబద్ధం చెబుతుంది అనేవాళ్ళతో నాకు పొసగదు. స్టూడియో పెద్దాయనని అడిగితే నవ్వుతాడు. చుట్టాల పోరు పడలేక రీలు అయిపోయాక కూడా ఉత్త ఫ్లాష్ కొట్టి "వచ్చేసింది, బాగా వచ్చేసింది" అనేవాడట. అది చిన్న అబద్ధం. పెద్దది రంగులో ఉంది. కలర్ ప్రింట్లలో కొండజంటల మొహాలు బొగ్గులా వచ్చేవి, తెల్లచొక్కా మాత్రం మల్లెపూవులా వచ్చేది. జంటలు చిన్నబుచ్చుకునేవారు, తప్పు తమ రంగుదే అనుకునేవారు. కొడాక్ వాళ్ళు దశాబ్దాలపాటు రంగులు సరిచూసుకోవడానికి ల్యాబులకి పంపిన నమూనా కార్డు మీద ఉన్నది ఒక తెల్లమ్మాయి. షర్లీ కార్డు అనేవారు. నల్లటి చర్మంలో ఛాయలు పట్టుకునేలా ఫిల్మును బాగుచెయ్యడానికి వాళ్ళని కదిలించిన ఫిర్యాదుల్లో చాక్లెట్ కంపెనీలవీ, కలప సామాన్ల కంపెనీలవీ ఉన్నాయంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. తమ చాక్లెట్లలో రకాలు, చెక్కల్లో తేడాలు ప్రకటనల్లో తెలియడం లేదని వాళ్ళ గోల. పెద్దాయనకి ఈ కథ తెలియదు. ఆయన మందు ఆయన వేశాడు: మొహానికి వెలుగు సరిపెట్టి, చొక్కా తెలుపు పోతే పోనీ అని ఒక స్టాపు ఎక్కువిచ్చేవాడు. నేనూ ఇప్పుడు అదే చేస్తాను. ఈనాటి రీళ్ళు చాలా మెరుగు, అయినా మొహం దగ్గరే కొలవడం అలవాటైపోయింది.

ఫిల్ము కలకాలం ఉంటుందన్నదీ అంతే. ఈ కొండల తేమకి నెగెటివ్ మీద బూజు పడుతుంది, జెలటిన్ అంటే దానికి విందు. ఆ స్టూడియోలో రేకు పెట్టెల్లో ఉన్నవాటిలో చాలా భాగం ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఫోన్లలో ఉన్నవి ఇంకా తొందరగా పోతున్నాయి. గెడ్డలో పడిన ఫోను, తెర పగిలిన ఫోను, చుట్టపు పిల్లాడు అన్నీ తుడిపేసిన ఫోను ఇంటింటికీ ఒకటుంది. మిగిలినవి గోడమీది ప్రింట్లే, పొయ్యి పొగకి అంచులు గోధుమరంగు తిరిగి. అందుకే నేను స్కాన్లు వాట్సాపులో పంపి ఊరుకోను. ప్రింట్లు వేయించి పట్టుకెళ్తాను.

ఆ కల్లు పెళ్ళి ప్రింట్లూ అలాగే తీసుకెళ్ళాను. అరుగు మీద పరిస్తే ఊరంతా చేరింది. అందంగా ఉన్నాయా లేదా అని ఎవరూ చూడలేదు. లెక్కపెట్టడం మొదలుపెట్టారు. "మావోళ్ళు ఏడుగురే ఉన్నారు, ఆలవైపు పన్నెండుమంది" అంది పెళ్ళికొడుకు పిన్ని. పెళ్ళికూతురి వైపువాళ్ళు ఊరుకుంటారా, వెనక మసగ్గా ఉన్న తలలు కూడా వేలు పెట్టి చూపించి మీవే ఎక్కువన్నారు. నాయుడు రెండు బొమ్మల్లో ఉన్నాడు, ఊరంతా తిరిగి పిలిచిన బారిక ఒక్కదాన్లోనూ లేడు, ఆ రోజంతా పరుగులోనే ఉన్నాడు మరి. కల్లు దొప్ప బొమ్మ చేతులు మారుతూ పోయి దిసారి దగ్గర ఆగింది. ఆయన దాన్ని దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసి, పక్కనున్న ముసలాయన తొడమీద ఒకటి చరిచాడు: "నువ్వు కావాలనే ఆగేవురా ఆ రోజు!" ఆయన ఒప్పుకోలేదు.

ఇంతలో పిన్ని నా మెడలో కెమెరా చూసింది. "దీన్లో ఎన్ని మిగిలేయి?"

"నాలుగున్నాయి పిన్నీ."

నన్ను వదిలేసి వాళ్ళలో వాళ్ళు కూర్చున్నారు. మొదటిది బారికకి, ఒక్కడికే, చేత్తో కర్ర పట్టుకుని. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. రెండోది ఆ రోజు వంట చేసినవాళ్ళకి. వాళ్ళని పొలంనుంచి కేకేసి రప్పించారు, కాళ్ళు కడుక్కునేదాకా ఆగమన్నారు. మూడోది బిడ్డతో జంటకి, పెళ్ళినాటికి ఆ బిడ్డ లేదు కదా అని. నాలుగోదాని దగ్గర మళ్ళీ తగువు మొదలైంది.